రోబ్లాక్స్ దుస్తులకు నీడలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఆన్‌లైన్ ఆటల వేదిక రోబ్లాక్స్‌లో మా బాబు అవతార్‌కు (ఆటలో వాడి బొమ్మకు) పసుపు కుర్తా గీశాను. మడతల దగ్గర నల్ల బ్రష్‌తో నీడ వేస్తే బట్ట మాసినట్టుంది, పైగా ఆకుపచ్చ ఛాయ కొడుతోంది. ఎందుకలా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: నలుపు వాడడం వల్లే అలా అవుతోందండీ. మీ పసుపు రంగు విలువలు (ఒక్కోటి 0 నుంచి 255 వరకు) ఎరుపు 217, ఆకుపచ్చ 161, నీలం 43 అనుకుందాం. దాని మీద 30 శాతం నలుపు పడితే 152, 113, 30 అవుతుంది. మూడూ ఒకే నిష్పత్తిలో తగ్గాయి కాబట్టి వెలుగు పోయిందే తప్ప రంగు జరగలేదు. అలా వెలుగు తగ్గిన పసుపు మన కంటికి ఆలివ్ పచ్చగా కనిపిస్తుంది. నిజం బట్టలో మడత లోపలికి పోయిన వెలుగు పసుపు మీద పడి, ఎదుటి పసుపుకే తగిలి తిరిగొస్తుంది. అందుకే లోపలి భాగం నారింజ వైపు, గోధుమ వైపు ముదురుతుంది.

బట్ట రంగు ఉన్న లేయర్ (బొమ్మలో ఒక పొర) పైన కొత్త లేయర్ తీసుకుని, దాని బ్లెండ్ మోడ్ (పై రంగు కింది రంగుతో కలిసే తీరు) ముదురు చేసే మల్టిప్లైకి మార్చి, కింది లేయర్‌కు క్లిప్ చేయండి, అంటే గీసింది కింది రంగు ఉన్న చోటే కనిపించాలి. బ్రష్ రంగు 190, 130, 120 పెట్టి ఒపాసిటీ (రంగు ఎంత చిక్కగా పడాలన్నది) 50 శాతం చేస్తే నీడ సుమారు 189, 121, 31 వస్తుంది. ఫోటోపీ, గింప్, క్రిటా, ఫోన్‌లో ఐబిస్ పెయింట్, ఈ బొమ్మలు గీసే యాప్‌లన్నింటిలోనూ మల్టిప్లై ఉంటుంది. నీలం బట్టకు నీడను ఊదా వైపు జరపండి, ఎరుపుకు మెరూన్ వైపు.

ఇక నీడ ఎక్కడ వేయాలన్నది. కాలర్ కింద 3, 4 పిక్సెళ్ల పట్టీ వేయండి. చంకల నుంచి ఛాతీ వైపు విచ్చుకునే రెండు మూడు మడతలు, నడుము దగ్గర అడ్డంగా నలిగిన గీతలు చాలు. ఛాతీ ముందు భాగం మొత్తం 128×128 పిక్సెళ్లే, అంతకు మించి వేస్తే గజిబిజి అవుతుంది. ముందు 10, 12 పిక్సెళ్ల మెత్తటి బ్రష్‌తో వెడల్పు నీడ పరచండి. తర్వాత 2 పిక్సెళ్ల గట్టి బ్రష్‌తో మడత ఒక అంచును మాత్రమే తేల్చండి. ఒక వైపు పదునుగా, రెండో వైపు కరిగిపోతూ ఉంటేనే అది మడత. రెండు వైపులా మెత్తగా ఉంటే మరకలా కనిపిస్తుంది, రెండు వైపులా గట్టిగా ఉంటే చారలా కనిపిస్తుంది.

ఎండ ఒక పక్కనుంచి పడుతున్నట్టు కుడి అంతా వెలుగు, ఎడమ అంతా చీకటి వేయకండి. ఆట తన వెలుగును తానే వేస్తుంది. అవతార్ వెనక్కి తిరిగినప్పుడు మీరు గీసిన ఎండ, ఆటలోని ఎండ ఒకదానికొకటి ఎదురుపడతాయి. బట్ట ఎక్కడ నలుగుతుంది, ఎక్కడ ఒత్తుకుంటుంది అన్నదే మన పని.

ప్రశ్న: ముందు వైపు బాగానే ఉంది. పక్కకు తిప్పితే మడతలు కుట్టు దగ్గర తెగిపోతున్నాయి. వీపు ఒక మూలన మరీ ఘోరం.
– ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: చొక్కా టెంప్లేట్ (అవతార్ ఒంటి ముఖాలన్నీ విప్పి పరిచిన నమూనా చిత్రం) పరిమాణం 585×559 పిక్సెళ్లు. మొండెం వరుసలో ఎడమ నుంచి కుడి పక్క, ముందు, ఎడమ పక్క, వీపు అన్న క్రమం ఉంటుంది. ఈ కుడి, ఎడమలు అవతార్‌వి, చూసేవారివి కావు. మొదటి మూడు కుట్లు పక్కపక్కనే ఉంటాయి, మధ్య ఖాళీ 2 పిక్సెళ్లే, కాబట్టి కంటికి దొరుకుతాయి. నాలుగోది దొరకదు. వీపు కుడి అంచు (అడ్డంగా 554వ పిక్సెల్) వెళ్లి కలిసేది టెంప్లేట్ ఆ చివర ఉన్న కుడి పక్క భాగం ఎడమ అంచుతో (165). మీరు చెప్పే మూల అదే. వీపు ముక్కను కాపీ చేసి తాత్కాలికంగా కుడి పక్కకు ఆనించి, మడతలు కలిపి గీసి, మళ్లీ వాటి చోట్లకు పంపండి.

చేతులదీ ఇదే కథ. కుడి చేతిలో క్రమం ఎడమ, వెనక, కుడి, ముందు. ఎడమ చేతిలో ముందు, ఎడమ, వెనక, కుడి. కుడి చేతికి ‘ఎడమ’ ముఖం, ఎడమ చేతికి ‘కుడి’ ముఖం మొండెం వైపు ఉండే లోపలి భాగాలు. వాటికీ, మొండెం పక్కల పై సగానికీ మిగతా చోట్ల కంటే 10 శాతం ఎక్కువ నీడ ఇవ్వండి. ఈ చిన్న పని చేస్తే చేయి శరీరానికి అతికించిన డబ్బాలా అనిపించదు. ప్రతి ముక్క రంగునూ గీత దాటి ఒక పిక్సెల్ బయటికి పొడిగిస్తే, దూరం నుంచి చూసినప్పుడు కుట్ల వెంట సన్నటి తెల్ల గీత రాదు.

ప్రశ్న: సంక్రాంతికి మా పిల్లల అవతార్‌లకు జరీ అంచు తెల్ల పంచె కట్టించాలని ఉంది. తెలుపు మీద నీడ ఎలా? కుచ్చిళ్లు ఎలా గీయాలి?
– న్యూజెర్సీ నుంచి ఒక తండ్రి

జవాబు: మంచి ఆలోచనండీ. పంచె గీయాల్సింది ప్యాంటు టెంప్లేట్‌లో. కొలతలు చొక్కావే, చేతుల చోట కాళ్లు ఉంటాయి. మొండెం భాగం కూడా ఉంటుంది, కానీ చొక్కా తొడిగితే అది పంచె మీదికి వస్తుంది. కాబట్టి నడుము దగ్గర రెండింటి నీడలూ సరిచూసుకోండి.

అచ్చ తెలుపు 255, 255, 255తో మొదలుపెడితే ఇక వెలుగుకు చోటుండదు. నేత తెలుపుకు 236, 232, 222 తీసుకోండి. నీడకు నీలం కలిసిన బూడిద, 190, 194, 208. మడత శిఖరం మీద మాత్రమే 250 దాటండి. తెలుపు మీద ప్రతి తప్పూ కనబడుతుంది, అందుకే నీడ లేయర్ ఒపాసిటీ 35 శాతం దగ్గర మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి.

కుచ్చిళ్లు రెండు కాళ్ల మధ్య పడతాయి. టెంప్లేట్‌లో కుడి కాలి ముందు భాగం 280 దగ్గర ఆగుతుంది, ఎడమ కాలిది 308 దగ్గర మొదలవుతుంది. మధ్య 27 పిక్సెళ్ల ఖాళీ ఆటలో ఉండదు. ఖాళీ మీదుగా కుచ్చిళ్లు గీస్తే నడిమి మడత మాయమై రెండు సగాలు పొసగవు. వేరే ఫైల్‌లో 128 పిక్సెళ్ల వెడల్పున గీసి, సరిగ్గా 64 దగ్గర కోసి చెరో కాలికి పెట్టండి. ఒక్కో కుచ్చు 7, 8 పిక్సెళ్లు ఉంటే చాలు, నీడ ప్రతి కుచ్చుకూ ఒకే వైపు పడాలి. నడిచేటప్పుడు కాళ్లు విడిపోతాయి గనుక లోపలి ముఖాలను కూడా అదే తెలుపుతో, ఇంకొంచెం ముదురుగా నింపండి. వదిలేస్తే అడుగు వేసినప్పుడల్లా చర్మం కనిపిస్తుంది.

జరీ అంచు 6 పిక్సెళ్లు, రంగు 196, 150, 60. అందులో ఒక పిక్సెల్ వెడల్పు గీత 240, 214, 130. నీడ లేయర్ అంచు పైన కూడా పోవాలి. జరీని నీడ కంటే పైన పెడితే బంగారు రంగు టేపు అంటించినట్టుంటుంది. పోచంపల్లి ఇక్కత్ లాంటి నమూనాలకూ ఇదే వరుస: రంగు, నమూనా, ఆపైన నీడ.

ప్రశ్న: ఇంటర్నెట్‌లో దొరికే రెడీమేడ్ షేడింగ్ టెంప్లేట్లు వాడుకోవచ్చా?
– విజయవాడ

జవాబు: గీసినవారు అనుమతిస్తేనే. చాలావరకు ఎవరో గీసినదాన్ని ఇంకెవరో తీసి పంచినవే. అవి పెద్దగా పనికొచ్చేవి కూడా కావు, జాకెట్ మడతలు తెచ్చి పల్చటి నూలు కుర్తా మీద వేస్తే బట్ట స్వభావమే మారిపోతుంది. మీ సొంత నీడ లేయర్లను నూలు, పట్టు, డెనిమ్ అని విడివిడిగా దాచుకోండి, రెండో చొక్కాకు సగం పని తగ్గుతుంది.

ప్రశ్న: పెద్దగా గీసి తగ్గిస్తే సన్న గీతలు పోతున్నాయి. తగ్గించకుండా పంపితే కుదరడం లేదు.
– నిజామాబాద్

జవాబు: నాలుగింతలు, అంటే 2340×2236లో గీయడం మంచిదే. కానీ అక్కడ 4 పిక్సెళ్ల గీత ఇక్కడ ఒకటే అవుతుంది. అంతకన్నా సన్నంగా గీస్తే చుట్టూ ఉన్న రంగులో కలిసిపోతుంది. కుట్టు గీతలు, గుండీలు మాత్రం 585×559కి తగ్గించాక వేయండి. పీఎన్‌జీగా దాచండి. జేపీజీలో పారదర్శకత ఉండదు, పొట్టి చేతుల చొక్కాకు మోచేతి కింద తెల్ల గొట్టం వస్తుంది. అప్‌లోడ్‌కు రోబక్స్ (రోబ్లాక్స్ సొంత డబ్బు) కట్టాలి కాబట్టి ముందే ఆటలు తయారుచేసే రోబ్లాక్స్ స్టూడియోలో ఒక బొమ్మకు తొడిగి, ఆర్6 (ఆరు ముక్కల అవతార్), ఆర్15 (పదిహేను ముక్కలది) రెండింటి మీదా తిప్పి చూడండి. ఆర్6 చేయి వంగదు, ఆర్15 మోచేయి వంగుతుంది. అక్కడ గట్టి నల్ల మడత ఉంటే వంగినప్పుడు విరిగినట్టు కనిపిస్తుంది.