సంకీర్ణ సంఖ్యకు గామా విలువ కడుతుంటే రెండు పై (2π) తేడా ఎందుకు వస్తుంది?

1 + 5ఐ (ఐ అంటే −1 వర్గమూలం) దగ్గర గామా ప్రమేయపు (ఫ్యాక్టోరియల్‌ను సంకీర్ణ సంఖ్యలకూ విస్తరించే ప్రమేయం) సంవర్గమానాన్ని స్టిర్లింగ్ శ్రేణితో (ఆ సంవర్గమానానికి ఉజ్జాయింపు ఇచ్చే శ్రేణి) లెక్కిస్తే వాస్తవ భాగం సరిపోతోందనీ, కల్పిత భాగం మాత్రం 6.2832 తేడాతో ఎందుకు వస్తోందనీ మీరు అడిగారు. శ్రేణిలో లోపం లేదు; సంవర్గమానపు కల్పిత భాగమంటే ఆ సంఖ్య చేసే కోణమే, ఆ కోణం వేరే చోట పోతోంది. గామా సంవర్గమానపు కల్పిత భాగంతోనే కట్టే రీమన్-సీగెల్ థీటా ప్రమేయానికి గ్రాఫు గీస్తూ నేనూ ఈ చిక్కులోనే పడ్డాను. నునుపుగా సాగవలసిన రేఖ అక్కడక్కడా తెగి రెండు పై దూరాన మళ్లీ మొదలయ్యేది.

స్టిర్లింగ్ శ్రేణి పెద్ద సంఖ్యల దగ్గరే బాగా పనిచేస్తుంది కనుక ముందు 10 కలిపి 11 + 5ఐ దగ్గర విలువ కడతాం. అక్కడ 12, 360, 1260 హారాలుగా ఉన్న మూడు పదాలు చాలు. వదిలేసిన తర్వాతి పదం సుమారు 6,300 కోట్లలో ఒక వంతు. ఆపైన 1 + 5ఐ నుంచి 10 + 5ఐ వరకు ఉన్న పది సంఖ్యల లబ్ధంతో భాగించి వెనక్కి రావాలి. నేను ఆ లబ్ధాన్ని మొత్తం కట్టి, చివర ఒక్కసారి సంవర్గమానం తీసుకునేవాణ్ణి. పొరపాటు సరిగ్గా అక్కడే ఉంది. మొదటి మూడింటినీ చేత్తో గుణించి చూడండి, −144 − 70ఐ వస్తుంది. విడివిడిగా వాటి కోణాలు 1.373, 1.190, 1.030 రేడియన్లు, మొత్తం 3.594 కావాలి; కానీ కంప్యూటరు కోణాన్ని −పై, +పై ల మధ్యకే కుదించి చెబుతుంది కాబట్టి −2.689 ఇస్తుంది. అందువల్ల పది సంఖ్యలకూ విడివిడిగా సంవర్గమానాలు తీసి, వాటి మొత్తాన్ని తీసివేయండి.

గామా విలువ ఒక్కటే కావాలంటే ఈ తేడా సంవర్గమానాన్ని e కు ఘాతంగా వేయగానే మాయమవుతుంది, అందుకే చాలాకాలం నా కంటపడలేదు. పైగా నేను పరీక్షించింది 1 + ఐ తోనే: అక్కడ పది కోణాల మొత్తం 2.65 మాత్రమే, పై దాటదు, 0.49802 − 0.15495ఐ అని సరైన జవాబే వచ్చింది. మాపం (సంఖ్య పరిమాణం) వర్గానికున్న సూత్రంతో సరిచూసినా లాభం లేదు, ఎందుకంటే మాపానికి కోణంతో పని లేదు.

వాస్తవ భాగం రుణాత్మకమైతే పరావర్తన సూత్రం (z, 1 − z ల దగ్గరి గామా విలువలను సైన్‌తో ముడిపెట్టేది) వాడాలి. అయితే కల్పిత భాగం 226 దాటగానే అందులోని సైన్ విలువ డబుల్ ప్రెసిషన్ (కంప్యూటరు సంఖ్యలను దాచే 64 బిట్ల పద్ధతి) పరిధిని మించిపోతుంది కాబట్టి, దాని పెద్ద ఘాతాన్ని ముందే విడదీసి సంవర్గమానంలోనే కలపండి.

ప్రోగ్రామును సరిదిద్దాక 0.25 + 8.9228ఐ దగ్గర పరీక్షించండి. t దగ్గర థీటా అంటే 0.25 + (t/2)ఐ దగ్గరి గామా సంవర్గమానపు కల్పిత భాగం నుంచి (t/2) × log π తీసివేసినది; అది 17.8456 దగ్గర సున్నా అవుతుంది కనుక సంవర్గమానపు కల్పిత భాగం 10.2142 రావాలి. −2.3522 కనిపిస్తే కోణం ఇంకా ఎక్కడో కుదించుకుపోతున్నట్టే.