మనకంటే లేనివాళ్ళున్నారని ఆ ఫారం పక్కన పెట్టకు బిడ్డా

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. మీ కాలేజీ పూర్వ విద్యార్థులు ఇంటి పరిస్థితి చూసి స్కాలర్‌షిప్ ఇస్తున్నారని, నువ్వు ఫారం తెచ్చుకున్నావని చెప్పగానే ఎంత సంతోషమైందో నాకు. మన ఇంట్లోంచి ఒక ఆడపిల్ల తన ఫీజు సంగతి తనే చూసుకోవడానికి బయల్దేరింది కదా అనిపించింది. ఆ సంతోషం ఒక్క నిమిషం కూడా నిలవలేదు. "ఏమో వదినా, ఫారం తెచ్చి నాలుగు రోజులైంది, అట్లనే పెట్టింది, మనకంటే లేనివాళ్ళు చాలామంది ఉన్నారు కదా అంటోంది" అన్నది మీ అమ్మ. రాత్రంతా నిద్ర పట్టలేదు. ఫోన్‌లో అయితే నేను సగమే చెబుతాను, అందులో నువ్వు సగమే వింటావు. అందుకే రాస్తున్నాను, పొడుగైనా మొత్తం చదువు.

ముందు పనులు చెప్పేస్తాను. ఇన్‌కం సర్టిఫికెట్‌కు ఈ రోజే మీ సేవకు వెళ్ళు, రేపు అనకు. అది తహసీల్దార్ ఆఫీసు నుంచి రావాలి, గిర్దావర్, అదే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్, విచారణ ఉంటుంది, మధ్యలో రెండు సెలవులు పడితే వారం పోతుంది. ఆధార్‌లో, టెన్త్ మెమోలో, బ్యాంకు పాస్‌బుక్‌లో నీ పేరు ఒక్కలాగే ఉందో లేదో అక్షరం అక్షరం సరిచూసుకో. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట పొడి అక్షరం మాత్రమే ఉంటుంది. కాలేజీ ఆఫీసులో ఇరవై ఆరేళ్ళు స్కాలర్‌షిప్ సెక్షన్ చూశాను కదా, డబ్బు మంజూరై కూడా ఖాతాలో పడక ఎంతమంది పిల్లలు నా టేబుల్ చుట్టూ తిరిగారో, చాలాసార్లు కారణం ఈ పేరే. ఖాతా నీ పేరు మీద ఉండాలి, ఆధార్ లింక్ అయి ఉండాలి. అన్నీ రెండేసి జిరాక్సులు తీయించు. ఫారం ఇచ్చాక రసీదు అడిగి తీసుకో, ఇవ్వకపోతే జిరాక్స్ మీదే తేదీ వేసి సంతకం చేయమను.

ఇంకో మాట, ఇది వచ్చింది కదా అని ఈపాస్, అదే మన రాష్ట్ర ప్రభుత్వం స్కాలర్‌షిప్పులకు పెట్టిన వెబ్‌సైట్, వదిలేయకు. బీసీలకు ఊళ్ళల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షల లోపు ఆదాయం ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు పెట్టుకోవచ్చు. ఇంటర్‌లో నీ మార్కులు చూస్తే కేంద్రం ఇచ్చేదానికి కూడా అర్హత రావచ్చు, బోర్డులో 80వ పర్సంటైల్ పైన, అంటే పాసైనవాళ్ళలో మొదటి ఇరవై శాతం మందిలో ఉండాలి, ఇంటి ఆదాయం 4.5 లక్షలు దాటకూడదు, డిగ్రీలో ఏడాదికి 12,000 రూపాయలు ఇస్తారు, నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పెట్టుకోవాలి. కానీ ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకునేవాళ్ళకు అది రాదు. నీ ఫీజెంతో చూసి, ఏది తీసుకుంటే మేలో నాన్న దగ్గర కూర్చుని లెక్కేసుకో. మీ కాలేజీ ఇచ్చేది ఈ రెండింటిలో ఏదైనా వస్తే ఆపుతారా అని ఆఫీసులో అడుగు. అడగడానికి మొహమాటపడకు, ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళ పని అదే.

ఇప్పుడు అసలు సంగతి. మీ నాన్నకు కూడా ఇది పూర్తిగా తెలియదు.

1981లో నేను బీఏ మొదటి సంవత్సరం. కరీంనగర్‌లో హాస్టల్లో ఉండేదాన్ని. సిరిసిల్లలో మీ తాత మగ్గం మీద నేసిన డబ్బులతో ఇల్లు నడిచేది, నేసిన వారం ఉండేవి, నేయని వారం ఉండేవి కావు. ఒకరోజు నోటీసు బోర్డు మీద కార్బన్ కాపీ కాగితం అంటించారు, నీలం అక్షరాలు సగం అలుక్కుపోయి ఉన్నాయి. పేద విద్యార్థుల నిధి నుంచి ఏడాదికి 300 రూపాయలు ఇస్తారట. మూడుసార్లు చదివాను. ఫారం తెచ్చుకుని నింపాను, సెలవులకు ఇంటికి పోయినప్పుడు తాతతో వేలిముద్ర వేయించాను. ఆయన వేలికి రంగు అంటి ఉంటే, ముద్ర సరిగా పడదని పంచెకు తుడుచుకుని మరీ వేశాడు.

ఆఖరి రోజు మధ్యాహ్నం ఆఫీసు కిటికీ దగ్గర లైన్లో నిలబడ్డాను. నా ముందు ఒక అమ్మాయి. ఆమె ఎడమ చెప్పుకు బొటనవేలి దగ్గర వారు తెగిపోతే పిన్నీసు పెట్టుకుంది. అడుగు ముందుకు వేసినప్పుడల్లా ఆ పిన్నీసు గచ్చుకు తగిలి టిక్కుమంటోంది. నా కాళ్ళకేమో దసరాకు కొన్న చెప్పులు, ఇంకా మెరుపు పోలేదు. ఆ టిక్కు వింటూ నా చెప్పుల వైపు చూసుకుంటూ నిలబడ్డాను. నాకు హాస్టల్ ఉంది, రెండు పూటలా తిండి ఉంది, ఈ పిల్ల నోటి దగ్గర ముద్ద నేను లాక్కుంటున్నానా అనిపించింది. ఇంకో ఇద్దరు అయితే నా వంతు వచ్చేది. వెనక్కి తిరిగి వచ్చేశాను. గొప్ప పని చేశాననుకున్నాను బిడ్డా, ఆ రోజంతా నాకు నేనే మంచిదానిలా కనబడ్డాను. ఫారం వెనకవైపు తెల్లగా ఉందని హిస్టరీ నోట్స్ రాసుకున్నాను.

ఫిబ్రవరిలో పరీక్ష ఫీజు, మెస్సు బిల్లు ఒకేసారి వచ్చి పడ్డాయి. ఇంటికి పోయి చెప్పాను. రెండు రోజుల తర్వాత మా అమ్మ డబ్బులు చేతిలో పెట్టింది. ఎక్కడివని అడిగితే మాట మార్చింది. సాయంత్రం బావి దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే చూశాను, కడియాలు లేవు. పెళ్ళప్పటి నుంచి వేసుకున్న వెండి కడియాలు. అవి ఉండేచోట చర్మం తెల్లగా, చుట్టూ గాడి పడి ఉంది. "బరువైతున్నయి, తీసేసిన" అన్నది. అవి మళ్ళీ ఇంటికి రాలేదు. అమ్మ పోయేదాకా ఆ గాడి అట్లాగే ఉంది, నీకు గుర్తుందో లేదో, చిన్నప్పుడు దాని మీద వేలు పెట్టి ఇదేంటి నానమ్మా అని అడిగేదానివి.

మూడో సంవత్సరంలో ఏదో సంతకం కోసం పోతే మా లెక్చరర్ ఒకాయన మాటల్లో అన్నారు, ఆ ఏడాది పదిమందికి ఇద్దామని పెట్టుకుంటే ఆరుగురే వచ్చారమ్మా, మిగిలింది అట్లాగే ఉండిపోయింది, నువ్వెందుకు పెట్టుకోలేదు అని. ఏం చెప్పను? ఆ పిన్నీసు చెప్పుల అమ్మాయి అప్పటికి నాకు మంచి స్నేహితురాలు. ఆమెనైనా అడుగుదామని అడిగాను, నీకు వచ్చింది కదా అని. ఆమె అసలు ఫారమే పెట్టలేదట! ఆ రోజు లైన్లో నిలబడ్డది బస్సు పాసు మీద ముద్ర కోసమట. ఎందుకు పెట్టలేదే అంటే, "నేను ఇంటి నుంచి వచ్చిపోతా, నాకేంది, హాస్టల్లో ఉండేటోళ్ళకే ఖర్చు ఎక్కువ, మీకు రావాలె అనుకున్న" అన్నది.

1984లో మీ నాన్న తొమ్మిదో తరగతితో బడి మానేసి సాంచెల (మరమగ్గాల) మీదికి పోయాడు. నా చదువు ఖర్చు వల్లనే అని ఇంట్లో ఎవరూ ఒక్కమాట అనలేదు, వాడు అసలే అనలేదు. నేను మాత్రం ఇన్నేళ్ళూ అనుకుంటూనే ఉన్నాను. మూడు వందలతో వాడి చదువు ఆగకుండా ఉండేదో లేదో దేవుడికి తెలియాలి, కానీ నేను ఆ లైన్లోంచి రాకుండా ఉండాల్సింది.

నువ్వు తప్పుకుంటే ఆ డబ్బు నీకంటే లేని పిల్లకు పోతుందని నీకెవరు చెప్పారు? ఎవరికి ఇవ్వాలో తూచడానికి కమిటీ ఉంది, అది వాళ్ళ పని. నీ పని మన ఇంటి సంగతి ఉన్నదున్నట్టు రాసి వాళ్ళ ముందు పెట్టడం. నాలుగు రోజులు! తల్లి పొద్దంతా బీడీలు చుడుతుంటే, తండ్రి రాత్రి పాళీ చేసి పొద్దున కళ్ళు ఎర్రగా ఇంటికి వస్తుంటే, ఎదురుగా ఫారం పెట్టుకుని నాలుగు రోజులు ఎవరి గురించి ఆలోచించావు? కోపంగా రాస్తున్నాననుకోకు. నీకు జాలిగుణం ఉంది, అది నాకు తెలుసు, అందుకే భయం.

ఫారంతో పాటు ఇచ్చే ఉత్తరం జాగ్రత్తగా రాయి. "మాది నిరుపేద కుటుంబం, నాపై దయ చూపగలరు" అని రాయకు. అట్లాంటివి కట్టలు కట్టలు చదివాను, ఒక్కటీ గుర్తులేదు. కౌలుకు చేసిన రెండెకరాల పత్తి వానకు పోయిందని, విత్తనాల అప్పు ఎంతో, పుస్తకాలకు తనకెంత తక్కువ పడుతోందో లెక్క రాసిన పిల్లాడి కాగితం ఇప్పటికీ కళ్ళముందు ఉంది. నువ్వూ లెక్క రాయి. నాన్నకు వారం కూలి ఎంత వస్తుంది, పని లేని వారాలు ఏడాదిలో ఎన్ని, ఇంటి కిరాయి, చిట్టీ, అమ్మ షుగరు మందులు. 2017లో ప్రభుత్వం పండక్కి పంచే బతుకమ్మ చీరల ఆర్డర్లు మొదలయ్యాక ఇంట్లో కాస్త ఊపిరి ఆడింది కదా, 2024లో అవి ఆగినప్పుడు నాన్న ఎన్ని రోజులు ఖాళీగా కూర్చున్నాడో అది రాయి. ఒక్క ఏడాది ఇన్‌కం సర్టిఫికెట్‌లో ఆ ఎత్తుపల్లాలు కనబడవు, నువ్వు చెబితేనే వాళ్ళకు తెలుస్తుంది. బస్సు చార్జీలు మాత్రం ఖర్చుల్లో వేయకు, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్ళకు 2023 డిసెంబరు నుంచి టికెట్ లేదని కమిటీలో ఉన్నవాళ్ళకూ తెలుసు, ఆ ఒక్క తప్పుతో మిగతా లెక్క మీద కూడా అనుమానం వస్తుంది. అమ్మ బీడీల డబ్బు కూడా దాచకుండా రాయి. తక్కువ చేసి చూపిస్తే ఎక్కువ వస్తుందని చెప్పేవాళ్ళు చుట్టూ ఉంటారు, వాళ్ళ మాట వినకు.

రాశాక ఒకసారి నాన్నకు చదివి వినిపించు. ఆయన కూలి, ఆయన ఖాళీగా కూర్చున్న రోజులు కాగితం మీద పెడుతున్నావు, ఆయనకు తెలియకుండా పెట్టకు. మొదట ముఖం పక్కకు తిప్పుకుంటాడు, వాడి సంగతి నాకు తెలుసు. తర్వాత తనే లెక్కలు సరిచేస్తాడు.

డబ్బు వచ్చాక క్లాసులు ఎగ్గొట్టకు, ఈపాస్‌కు 75 శాతం హాజరు అడుగుతారు, మీ కాలేజీవాళ్ళు ఎంత అడుగుతారో ఫారంలో చూడు.

శుక్రవారం ఇచ్చెయ్యి, ఆఖరి తేదీ దాకా ఆగకు. ఆఫీసు దగ్గర లైన్లో నీ ముందు ఎవరున్నా, వాళ్ళ కాళ్ళకు ఏమున్నా, నువ్వు మాత్రం కిటికీ దాకా పో. బయటికి రాగానే నాకు ఫోన్ చేసి రసీదు నంబర్ చదువు, నేను పుస్తకంలో రాసి పెట్టుకుంటాను. ఎంత పనిలో ఉన్నా ఎత్తుతాను.

మీ అత్తమ్మ