కొత్త ల్యాప్‌టాప్ తెరలో లోపం కనిపిస్తే

చిరంజీవి స్వాతికి,

పెదనాన్న ఆశీస్సులు. కొత్త ల్యాప్‌టాప్ తెర మీద ఒక చుక్క ఎప్పుడూ వెలుగుతూనే ఉంటోందనీ, నల్లటి బొమ్మ పెడితే కింది మూల తెల్లగా పాలిపోయినట్టు కనిపిస్తోందనీ రాశావు. కంపెనీకి ఫోన్ చేస్తే "మామూలేనండీ, కొన్నాళ్లు వాడి చూడండి" అన్నారట. ఆ సలహా మాత్రం పాటించకు. కొన్నాళ్లు వాడి చూసేలోపు నీ చేతిలో ఉన్న గట్టి హక్కు కాస్తా జారిపోతుంది.

అమ్మినవాళ్లు ఇచ్చే రిటర్న్ గడువు వేరు, తయారుచేసిన కంపెనీ ఇచ్చే వారంటీ వేరు. గడువులోపల అయితే వస్తువు వెనక్కిచ్చి కొత్తదో, డబ్బో తీసుకోవచ్చు. గడువు దాటాక మిగిలేది వారంటీ ఒక్కటే. వారంటీ అంటే సాధారణంగా రిపేరు. నీ కొత్త మెషీన్ మూత విప్పి ప్యానెల్ (తెర పలక) మారుస్తారు, ఆ ప్యానెల్ బాగుచేసిన పాతదైనా కావచ్చు. కంపెనీలో ఫిర్యాదు నమోదైనంత మాత్రాన అమ్మినవాళ్ల గడువు ఆగదు. చాలామంది మోసపోయేది ఇక్కడే. కంపెనీ టెక్నీషియన్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు, ఈలోగా రిటర్న్ తలుపు మూసుకుంటుంది. కాబట్టి ముందు బిల్లు తీసి గడువు ఏ రోజుతో ముగుస్తుందో, అది బిల్లు తేదీ నుంచి లెక్కా, చేతికందిన తేదీ నుంచి లెక్కా చూసుకో. ఫిర్యాదు అమ్మినవాళ్ల దగ్గర, ఆ తేదీకి ముందే, రాతపూర్వకంగా నమోదు కావాలి.

గడువు తేలేదాకా అట్టపెట్టె, లోపల వస్తువు కదలకుండా పెట్టే అచ్చులు, ప్లాస్టిక్ సంచి, ఛార్జర్, కాగితాలు ఏవీ పారేయకు. మూత మీద స్టిక్కర్లు అంటించకు. కీబోర్డు మీద సిలికాన్ తొడుగు, కెమెరాకు జరిగే మూత లాంటివి అసలు పెట్టకు. మూసినప్పుడు తెరకూ కీబోర్డుకూ మధ్య సందు చాలా తక్కువ. మ్యాక్‌బుక్ కెమెరా మూత 0.1 మిల్లీమీటరు కన్నా మందంగా ఉండకూడదని ఆపిల్ సంస్థే చెప్పిందంటే చూడు. ఆ ఒత్తిడికి తెర మీద తెల్లటి మచ్చ పడితే "వాడినవాళ్లు చేసిన నష్టం" అని రాసి చేతులు దులుపుకుంటారు.

ఇక పరీక్ష. ఇది ఒక్కసారి, పద్ధతిగా చెయ్యి. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో తెర తుడువు. కంప్యూటర్‌ని అరగంట నడవనివ్వు, బ్యాక్‌లైట్ (తెర వెనక వెలిగే దీపం) వేడెక్కి స్థిరపడాలి. సెట్టింగుల్లో నైట్ లైట్, హెచ్‌డీఆర్, వెలుతురును బట్టి బ్రైట్‌నెస్ మారే ఆప్షన్ ఆపెయ్యి. రిజల్యూషన్ (తెర మీది చుక్కల లెక్క) ప్యానెల్‌కు అసలైనదే ఉందో లేదో చూడు. పెయింట్ ప్రోగ్రామ్‌లో అదే కొలతతో తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, మధ్యస్థంగా బూడిదరంగు, ఇలా ఆరు బొమ్మలు నింపి పీఎన్‌జీగా సేవ్ చేసి ఫుల్ స్క్రీన్‌లో ఒక్కొక్కటీ చూడు.

తెలుపు మీద నల్లచుక్కలు, లోపల చిక్కుకున్న దుమ్ము, ఒకవైపు పసుపుగా ఇంకోవైపు నీలంగా ఉండటం బయటపడతాయి. నలుపు మీద వెలిగే చుక్కలు, అంచుల నుంచి కారే వెలుతురు. మూడు రంగుల మీద ఏ చుక్కలో ఏ రంగు పనిచేయడం లేదో తెలుస్తుంది. బూడిదరంగు మీద మబ్బుపట్టినట్టు మరకలు, చారలు. చుక్కలే స్వయంగా వెలిగే ఓఎల్ఈడీ తెరకు బ్యాక్‌లైట్ లేదు కాబట్టి వెలుతురు కారడమన్న సమస్యే ఉండదు. దానికి బాగా ముదురు బూడిదరంగు పెట్టి చీకటి గదిలో చారలున్నాయేమో చూడాలి.

నీ చుక్క సంగతి. ఒక్కో పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు చిన్న భాగాలుంటాయి. 1920×1080 తెరలో పిక్సెళ్లు 20,73,600. చిన్న భాగాలు లెక్కేస్తే 62,20,800. ప్రతిదానికీ ఒక ట్రాన్సిస్టర్. అది పూర్తిగా పనిచేయక చుక్క అన్ని రంగుల మీదా నల్లగానే ఉంటే డెడ్ పిక్సెల్. ఒక రంగులో ఇరుక్కుని వెలుగుతూ ఉంటే స్టక్ పిక్సెల్. నీది రెండోదిలా ఉంది. రంగులు వేగంగా మార్చి చూపించే ప్రోగ్రామ్‌ను ఆ చుక్క మీద అరగంట నుంచి కొన్ని గంటలు నడిపితే స్టక్ పిక్సెల్ ఒక్కోసారి విడుదలవుతుంది. నడిచేటప్పుడు దాన్ని చూస్తూ కూర్చోకు. మూర్ఛ ఉన్నవాళ్లు ఆ గదిలో ఉండనే కూడదు. డెడ్ పిక్సెల్ మీద ఈ ప్రయోగం దండగ. వేలితో, పెన్సిల్ రబ్బరుతో నొక్కి సరిచేయమనే సలహాలు వింటావు. నొక్కితే ఒక చుక్క పోయి నాణెమంత మచ్చ వస్తుంది, పైగా అది నీ తప్పు కింద జమవుతుంది. అసలది పిక్సెలా, దుమ్మా అన్న అనుమానముంటే భూతద్దం పెట్టు. పిక్సెల్ అయితే గళ్లలో సరిగ్గా ఇమిడిన చిన్న గడిలా ఉంటుంది. దుమ్ముకు అంచులు వంకరగా ఉంటాయి, తల పక్కకి జరిపితే గళ్ల మీద అది కాస్త కదిలినట్టు కనిపిస్తుంది.

మూల పాలిపోవడానికి రెండు కారణాలుండొచ్చు, రెండింటికీ మందు వేరు. ఐపీఎస్ అనే రకం ప్యానెళ్లను పక్క నుంచి చూస్తే నలుపు మీద వెండిరంగు మెరుపు కనిపిస్తుంది. దాన్ని ఐపీఎస్ గ్లో అంటారు. అది ఆ సాంకేతికత స్వభావం, ఎన్ని ప్యానెళ్లు మార్చినా పోదు. రెండోది బ్యాక్‌లైట్ లీక్. ల్యాప్‌టాప్‌ల్లో బ్యాక్‌లైట్ ఎల్ఈడీలు ఎక్కువగా కింది అంచు వెంబడి వరుసగా ఉంటాయి. ఫ్రేమో, జిగురో ప్యానెల్‌ను ఒకచోట ఎక్కువగా నొక్కితే అక్కడ వెలుతురు బయటికి కారుతుంది. తేడా తెలుసుకోవడం తేలిక. ఆ మూలకి ఎదురుగా తల జరిపి, కాస్త వెనక్కి వెళ్లి చూడు. మెరుపు తగ్గిపోతే గ్లో. ఎటు నుంచి చూసినా అక్కడే అంతే ఉంటే లీక్. మూత మూలలు పట్టుకుని మెలితిప్పితే సర్దుకుంటుందని ఎవరైనా చెబితే పట్టించుకోకు.

నీ తెర మీద గీతలు, మిణుకులు లేవని రాశావు, అయినా గడువు పూర్తయ్యేదాకా కనిపెట్టి ఉండు. గీత వస్తే స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌లో చూడు. స్క్రీన్‌షాట్‌లోనూ గీత ఉంటే డ్రైవర్ ప్రోగ్రామో, గ్రాఫిక్స్ చిప్పో. లేకపోతే వేరే మానిటర్ తగిలించు. అక్కడ శుభ్రంగా ఉండి ఇక్కడ మాత్రమే గీత ఉంటే ప్యానెల్ గానీ, దానికి బొమ్మను మోసుకెళ్లే ఈడీపీ కేబుల్ గానీ. మూత మెల్లగా తెరుస్తూ మూస్తూ ఉంటే గీత వచ్చి పోతోందా? అయితే కీలు దగ్గర కేబుల్ మీద అనుమానం. మూత ఏ కోణంలో ఉన్నా కదలకుండా నిలువుగా ఒక్క గీతే ఉంటే ప్యానెల్ అంచున దాన్ని నడిపే డ్రైవర్ చిప్ అతుకు ఊడి ఉండొచ్చు, ప్యానెల్ మార్చడం తప్ప దారి లేదు. విండోస్ మొదలవకముందే వచ్చే బయోస్ స్క్రీన్‌లో కూడా లోపం కనిపిస్తే విండోస్‌ను తిట్టనక్కర్లేదు, మళ్లీ ఇన్‌స్టాల్ చేయమన్నా ఒప్పుకోకు. డెల్ ల్యాప్‌టాప్ ఆపేసి, డి కీ నొక్కిపట్టి పవర్ బటన్ నొక్కితే తెర తనంతట తానే రంగులు మార్చి చూపిస్తుంది. విండోస్‌తో సంబంధం లేని పరీక్ష కాబట్టి దాని ఫలితాన్ని కాదనలేరు.

మిణుకుల్లో మాత్రం తొందరపడకు. బ్యాటరీ మీద ఉన్నప్పుడే తెర వెలుగు తగ్గి పెరుగుతుంటే అది చాలావరకు గ్రాఫిక్స్ డ్రైవర్‌లోని పొదుపు సెట్టింగు. ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్ అనే ఆప్షన్ ఆపి చూస్తే కొన్నిసార్లు అక్కడితో పోతుంది.

ఇప్పుడు కంపెనీవాళ్లు "మామూలే" అనడానికి వెనకున్న లెక్క చెబుతాను. 2001 నాటి ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) 13406-2 ప్రమాణంలో రెండో తరగతి ప్యానెల్‌కు ప్రతి 10 లక్షల పిక్సెళ్లకు ఎప్పుడూ వెలిగేవి 2, ఎప్పుడూ నల్లగా ఉండేవి 2, చిన్న భాగాల లోపాలు 5 దాకా ఉండొచ్చు. 2008లో దాని స్థానంలో ఐఎస్ఓ 9241-307 వచ్చింది. వారంటీ నిబంధనల్లో పిక్సెల్ లోపాలకు పరిమితి పెట్టే అలవాటు ఈ దారిలోనే నడుస్తోంది. అంటే ఒక్క చుక్కతో వారంటీ కింద వాదిస్తే ఓడిపోయే అవకాశమే ఎక్కువ. అదే చుక్కతో రిటర్న్ గడువులో వెళ్తే ఈ లెక్కలేవీ అడ్డురాకపోవచ్చు. నీ మోడల్ వారంటీ కాగితంలో పిక్సెల్ నిబంధన వెతికి చదువు. కొన్ని ఖరీదైన మోడళ్లకు ఒక్క వెలిగే చుక్క ఉన్నా మారుస్తామని రాసి ఉంటుంది.

ఫొటోలు తీసేటప్పుడు నిజాయితీ నీకే లాభం. చీకట్లో ఫోన్ కెమెరా తనంతట తాను వెలుతురు పెంచేస్తుంది, చిన్న లీక్ కూడా మంటలా కనిపిస్తుంది. అలాంటి ఫొటో పంపితే టెక్నీషియన్ వచ్చి మామూలు వెలుతురులో చూసి "ఏమీ లేదు" అని రాసి వెళ్తాడు. తెర బ్రైట్‌నెస్ సగానికి పెట్టి, మీటరు దూరంలో ఎదురుగా నిలబడి, ఎక్స్‌పోజర్ (కెమెరా తీసుకునే వెలుతురు) లాక్ చేసి, కంటికి కనిపించినంతే వచ్చేలా తియ్యి. చుక్కకు ఒకటి దగ్గర నుంచి, ఒకటి తెర మొత్తం వచ్చేలా. వెనకవైపు సీరియల్ నంబర్‌కు ఒకటి. గీతలూ మిణుకులూ అయితే వీడియోనే కావాలి.

ఫిర్యాదులో "డిస్‌ప్లే బాగాలేదు" అని రాస్తే తిరిగి వచ్చే జవాబు "రీస్టార్ట్ చేయండి". ఇలా రాయి:

"ఫలానా మోడల్, ఫలానా సీరియల్ నంబర్, ఫలానా తేదీన అందింది. తెర కుడివైపు పైభాగంలో ఒక పిక్సెల్ నలుపు మీద ఎప్పుడూ ఆకుపచ్చగా వెలుగుతోంది. కింది ఎడమ మూలలో బ్యాక్‌లైట్ లీక్ ఉంది, చూసే కోణం మార్చినా, బ్రైట్‌నెస్ సగానికి తగ్గించినా కనిపిస్తోంది. బయోస్ స్క్రీన్‌లోనూ అదే స్థితి. బయటి మానిటర్‌లో లోపం లేదు. ఫొటోలు జతచేశాను. రిటర్న్ గడువులో ఉన్నాను. రిపేరు వద్దు, రిటర్న్ కావాలి."

రంగూ, చోటూ నువ్వు చూసినదాన్ని బట్టి మార్చుకో, చేయని పరీక్ష చేసినట్టు రాయకు. చివరి వాక్యం మాత్రం మరిచిపోకు. అది లేకపోతే రిపేరు టికెట్ (ఫిర్యాదు నమోదు) తెరిచేసి ఊరుకుంటారు. ఫోన్‌లో ఎవరైనా మాటిస్తే "మీరు ఇలా చెప్పారు" అని అదే టికెట్ కింద మెయిల్ పెట్టెయ్యి.

రీప్లేస్‌మెంటా, డబ్బు వాపసా అంటే, అదే ధరకు అదే మోడల్ ఇంకా దొరుకుతుంటే డబ్బు వాపసు తీసుకుని మళ్లీ కొనమంటాను. కొత్త కొనుగోలుకు కొత్త గడువు మొదలవుతుంది. రీప్లేస్‌మెంట్‌గా వచ్చినదానికి మళ్లీ గడువు ఇస్తారో లేదో అడిగి తెలుసుకోవాలి. ధర పెరిగి ఉంటే రీప్లేస్‌మెంటే నయం. అయితే వచ్చేది ఇంతకన్నా బాగుంటుందన్న హామీ ఎవరూ ఇవ్వరు. నీ చుక్క అంచున ఎక్కడో ఉండి, రోజూ పని చేసుకునేటప్పుడు, చేయిచాపు దూరంలో కంటికి తగలకపోతే ఉంచుకోవడమూ తప్పు కాదు. నల్లబొమ్మ పెట్టి చీకట్లో వెతికితే లోపం లేని ఐపీఎస్ తెర దొరకడం కష్టం. చుక్క మధ్యలో ఉంటే మాత్రం మొహమాటపడకు.

వెనక్కిచ్చే ముందు ఫైళ్లు బయటికి తీసుకుని, అకౌంట్ల నుంచి సైనవుట్ అయ్యి, రీసెట్‌లో అన్నీ తొలగించే ఆప్షన్ ఎంచుకో. మ్యాక్ అయితే ఫైండ్ మై (పోయిన మెషీన్‌ను వెతికిపెట్టే ఏర్పాటు) ఆపకపోతే మెషీన్ నీ ఖాతాకే తాళం పడి ఉంటుంది, దాంతో రిటర్న్ చిక్కుల్లో పడవచ్చు.

ఒకవేళ గడువు దాటి రిపేరుకే వెళ్లాల్సి వస్తే ముందు రెండు పనులు చెయ్యి. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీ రాసి పెట్టుకో. మదర్‌బోర్డు ముట్టుకున్నారంటే మెషీన్ ఆ కీ అడగవచ్చు. రెండోది, హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామ్‌లో మానిటర్ విభాగంలో ప్యానెల్ నంబర్ చూసి ఫొటో తీసుకో. ఎల్‌పీ అని మొదలైతే ఎల్‌జీ, ఎన్‌వీ అయితే బీఓఈ, ఎల్‌క్యూ అయితే షార్ప్ తయారీ అయి ఉంటుంది. మార్చాక వేరే తయారీది వచ్చినా తప్పు లేదు, కానీ రిజల్యూషన్, రిఫ్రెష్ రేటు, రంగుల పరిధి పాతదానికి తగ్గకూడదు. ఎస్ఆర్‌జీబీ, ఎన్‌టీఎస్‌సీ రంగుల పరిధిని చెప్పే కొలతలు; నూరు శాతం ఎస్ఆర్‌జీబీ ప్యానెల్ తీసి 45 శాతం ఎన్‌టీఎస్‌సీది బిగిస్తే ఎరుపులన్నీ ఇటుక రంగులోకి దిగిపోతాయి.

ప్యానెల్ మార్చేటప్పుడు ముందు బ్యాటరీ కనెక్టర్ తీయాలి. తీయకుండా డిస్‌ప్లే కేబుల్ లాగితే బ్యాక్‌లైట్ ఫ్యూజ్ పోయే ప్రమాదముంది. పక్కనే ఉండి ఆ ఒక్క విషయం గమనించు. పని అయ్యాక టెక్నీషియన్ నీ సంతకం తీసుకునే ముందు ఆరు రంగుల బొమ్మలు మళ్లీ చూడు. కెమెరా, మైకు, టచ్ ఉంటే టచ్, మూత మూస్తే నిద్రలోకి వెళ్తోందో లేదో చూడు. వైఫై యాంటెన్నా తీగలు చాలా మోడళ్లలో మూతలోంచే వెళ్తాయి కాబట్టి రూటర్‌కి దూరంగా వెళ్లి సిగ్నల్ కూడా పరీక్షించు. ఫ్రేమ్ చుట్టూ గోరు పెట్టి తడిమితే ఎక్కడైనా క్లిప్పు పడకపోతే తెలిసిపోతుంది. ఏదైనా తేడా ఉంటే సర్వీస్ రిపోర్టులోనే రాయించి, ఆ తర్వాతే సంతకం పెట్టు.

ఫిర్యాదు పంపాక టికెట్ నంబర్, గడువు తేదీ రెండూ నాకు మెసేజ్ చెయ్యి. జవాబు రాకపోతే ఏం రాయాలో అప్పుడు చూద్దాం.

ఇట్లు,
మీ పెదనాన్న