ఫుట్‌బాల్ క్లబ్బులో ఫిజియోగా చేరబోతున్న శిష్యుడికి

నాయనా,

వృత్తి ఫుట్‌బాల్ క్లబ్బు వైద్య బృందంలో నీకు ఫిజియో ఉద్యోగం వచ్చిందని తెలిసి ఎంతో సంతోషించాను. ఆసుపత్రిలో ఐదేళ్లు పనిచేసినవాడివి కాబట్టి కండరాల గురించి, కీళ్ల గురించి నేను నీకు కొత్తగా నేర్పవలసింది పెద్దగా లేదు. అయితే ఆసుపత్రికి వచ్చే మనిషి నొప్పి తగ్గాలని వస్తాడు. క్లబ్బులో నీ బల్ల మీద పడుకునేవాడు వచ్చే మ్యాచ్ ఆడాలని వస్తాడు. ఈ ఇరవై ఆరేళ్లలో కోచ్ నోటా, ఆటగాడి నోటా, క్లబ్బు యజమానుల నోటా నేను అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న ప్రశ్న ‘ఎప్పుడు ఆడతాడు?’ అన్నదే. ఆ ప్రశ్నకు జవాబు ఎలా చెప్పాలన్న దాని గురించే ఈ ఉత్తరం.

ముందుగా హ్యామ్‌స్ట్రింగ్ అనే తొడ వెనుక కండరం సంగతి చెప్పాలి. యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య అగ్రశ్రేణి క్లబ్బుల్లో సాగిస్తున్న గాయాల అధ్యయనం ప్రకారం, 2001–02 సీజన్‌లో మొత్తం గాయాల్లో 12 శాతంగా ఉన్న హ్యామ్‌స్ట్రింగ్ గాయాలు 2021–22 నాటికి 24 శాతానికి చేరాయి. కాబట్టి నీవు రోజూ చూడబోయేది ప్రధానంగా దీన్నే. ఆటగాడిని బోర్లా పడుకోబెట్టి, కూర్చునే ఎముక దగ్గర మొదలుపెట్టి మోకాలి వెనుక దాకా బొటనవేలితో నెమ్మదిగా నొక్కుకుంటూ రా. నొప్పి మొదలైన చోటా ముగిసిన చోటా పెన్నుతో గీత గీసి, ఆ మధ్య దూరం ఎన్ని సెంటీమీటర్లో కొలిచి రాసుకో. మర్నాడూ అదే పని చెయ్యి. బోర్లా పడుకున్నవాడి ముఖం నీకు కనపడదు కనుక చేతుల మీద కన్ను ఉంచు. ‘ఏమీ లేదు, బాగానే ఉంది’ అంటూనే బల్ల అంచును గట్టిగా పట్టుకున్నవాళ్లను నేను లెక్కలేనంతమందిని చూశాను.

నేను చేసిన ఒక పొరపాటు నీకు చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం ఒక క్లబ్బులో, వేగానికి పేరుపడ్డ వింగర్ (మైదానం అంచు వెంట ఆడేవాడు) ఒకడికి ఇదే గాయమైంది. పదహారో రోజున నొక్కితే నొప్పి లేదు, నడిస్తే లేదు, మామూలుగా పరుగెత్తినా లేదు. కానీ పూర్తి వేగంతో అతను ఒక్కసారి కూడా పరుగెత్తలేదు, గాయపడ్డ కాలి బలం రెండో కాలి కంటే ఇంకా తక్కువగానే ఉంది. మర్నాడు పెద్ద మ్యాచ్. కోచ్ గుమ్మంలో నిలబడి అడిగాడు, నేను ‘ఆడొచ్చు’ అన్నాను. ఇరవై రెండో నిమిషంలో బంతి కోసం పరుగందుకున్నవాడు తొడ పట్టుకుని కూలబడ్డాడు. ఈసారి రెండున్నర నెలలు పట్టింది. కోచ్ ఒత్తిడి చేశాడని చాలాకాలం చెప్పుకుంటూ తిరిగాను. ఆలోచిస్తే అతను చేసింది అడగడం మాత్రమే, ఆడొచ్చన్న మాట నాది.

అందుకే నీవు తేదీ చెప్పే అలవాటు చేసుకోవద్దు. దాటవలసిన మెట్లు చెప్పు, ఏ మెట్టు మీద ఉన్నాడో చెప్పు. రెండు కాళ్ల బలం దాదాపు సమానం కావాలి; ఒంటిమీద ధరించే జీపీఎస్ పరికరం లెక్కల్లో గాయానికి ముందు తాను అందుకున్న గరిష్ఠ వేగానికి దగ్గరగా, ఒకసారి కాదు, పలుమార్లు పరుగెత్తాలి; జట్టుతో పూర్తి శిక్షణ కొన్నాళ్లు చేయాలి. వారాల్లోనే చెప్పమని పట్టుబడితే మూడు నుంచి ఐదు అని చెప్పు, మూడు అని మాత్రం అనకు, ఎందుకంటే విన్నవాడికి గుర్తుండేది ఆ చిన్న అంకె ఒక్కటే. స్కాన్‌లో కండరం లోపలి టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి భాగం) కూడా దెబ్బతిన్నట్టు కనిపిస్తే, నొప్పి తొందరగా పోయినా నీవు తొందరపడవద్దు. మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే ఏసీఎల్ అనే బంధనానికి శస్త్రచికిత్స అయినవాడి విషయంలో తొమ్మిది నెలలకు ముందు మ్యాచ్ మాటే ఎత్తనివ్వకు.

డాక్టరూ, నీవూ, ఫిట్‌నెస్ కోచ్ ప్రతి ఉదయం కోచ్ గదికి వెళ్లకముందే కలిసి కూర్చుని ఒకే మాట మీదకు రండి. డాక్టర్ మూడు వారాలని, నీవు నాలుగని, మసాజ్ చేసేవాడు ‘పదిరోజుల్లో లేచిపోతావులే’ అని చెబితే, ఆటగాడు నమ్మేది మూడో మాటనే. ఆటగాడి ఏజెంటుకు గానీ, విలేకరులకు గానీ అతని అనుమతి లేకుండా ఒక్క ముక్క కూడా చెప్పకు.

నివారణ సంగతి క్లుప్తంగా చెబుతాను. మోకాళ్ల మీద నిలబడి ముందుకు వాలే నార్డిక్ వ్యాయామం హ్యామ్‌స్ట్రింగ్ గాయాలను దాదాపు సగానికి తగ్గిస్తుందని పరిశోధనలు చూపించాయి. అయినా ఆటగాళ్లు దాన్ని అసహ్యించుకుంటారు, మొదట్లో కాళ్లు పట్టేస్తాయి గనుక. వారి గొణుగుడు పట్టించుకోవద్దు, కానీ మ్యాచ్‌కు ముందురోజు మాత్రం చేయించకు.

మైదానంలో తలకు దెబ్బ తగిలినప్పుడు వారాల లెక్క ఉండదు, నిమిషాల్లో తేల్చాలి. 2014 ప్రపంచకప్ ఫైనల్‌లో జర్మనీ ఆటగాడు క్రిస్టోఫ్ క్రామర్ దెబ్బ తిన్నాక కూడా కొంతసేపు ఆడి, ఇది ఫైనలేనా అని రిఫరీనే అడిగాడు. ఇప్పుడైతే నిబంధనలు కన్కషన్ (తలదెబ్బతో మెదడు అదిరిపోవడం) కోసం ప్రత్యేక సబ్‌స్టిట్యూట్‌ను అనుమతిస్తున్నాయి. 2021లో ప్రయోగంగా మొదలై, 2024లో ఆట నియమావళిలో చేరింది. అనుమానం వస్తే చాలు, బయటికి తీసుకురా, ఆ రోజుకు అతని ఆట అయిపోయినట్టే. రిఫరీ పిలిచాక మైదానంలోకి వెళ్లినందుకు సొంత మేనేజరే వైద్యురాలిని బహిరంగంగా తప్పుపట్టిన ఉదంతం 2015లో ఇంగ్లాండులో జరిగింది. మరుసటి ఏడాది ఆ క్లబ్బు ఆమెకు క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. రిఫరీ చెయ్యి ఊపాక స్కోరు ఎంతో చూడకుండా పరుగెత్తు.

2021 జూన్ 12న కోపెన్‌హాగన్‌లో క్రిస్టియన్ ఎరిక్సన్ గుండె ఆగినప్పుడు అతన్ని బతికించింది వెంటనే మొదలైన ఛాతీ అదుములు, చేతికందే దూరంలో ఉన్న డీఫిబ్రిలేటర్ అనే, గుండెకు విద్యుత్ షాక్ ఇచ్చే పెట్టె. ప్రతి మ్యాచ్‌కూ ముందు ఆ పెట్టె ఎవరి చేతిలో ఉందో, దాని బ్యాటరీ పనిచేస్తుందో లేదో, స్ట్రెచర్ ఏ గేటు నుంచి వెళ్తుందో చూసుకో. ఆ గేటును నీ చేత్తో ఒకసారి తెరిచి చూడు. ఒకసారి అలా చూడకపోవడం వల్ల, ఆటగాడు స్ట్రెచర్ మీద మూలుగుతుంటే తాళంచెవి ఉన్న మనిషి కోసం మేమంతా వెతుక్కున్నాం. అదృష్టవశాత్తూ ఆ రోజు విరిగింది చీలమండ మాత్రమే.

ఇంకొక్కటి. బయట ఎవరో ఇచ్చిన మాత్రలు జేబులో వేసుకొచ్చి ‘ఇవి వేసుకోవచ్చా?’ అని ఆటగాళ్లు డాక్టర్‌ను వదిలి నిన్నే అడుగుతారు. నొప్పి తగ్గించే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు 2022 నుంచి, ట్రామడాల్ అనే నొప్పి మందు 2024 నుంచి పోటీ సమయంలో నిషిద్ధం. అలాంటి ప్రశ్నకు నీవు జవాబు చెప్పకు, మాత్రతో సహా మనిషిని డాక్టర్ దగ్గరకు నడిపించుకుని వెళ్లు.

చేరిన మొదటి రెండు వారాల్లో, ఎవరికీ ఏ గాయమూ లేనప్పుడే, ప్రతి ఆటగాడి రెండు తొడల బలమూ, గజ్జల బలమూ, గరిష్ఠ వేగమూ కొలిచి, పాత గాయాల వివరాలతో కలిపి పట్టిక వేసిపెట్టుకో. రేపు నీ గుమ్మంలో కోచ్ నిలబడినప్పుడు చూపించడానికి నీకు అదే అవసరమవుతుంది. అది పూర్తయ్యాక నాకు ఉత్తరం రాయి. ఎంతమందికి పాత హ్యామ్‌స్ట్రింగ్ గాయం ఉందో అందులో తప్పక తెలియజెయ్యి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు