రోజ్‌మేరీ పెంచుతున్న మేనకోడలికి

చి.ల.సౌ. మేనకోడలికి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన రోజ్‌మేరీ మొక్క ఫొటోలు చూశాను. కింది ఆకులు ముందు బూడిదరంగుకు తిరిగి, తర్వాత గోధుమరంగై, ముట్టుకుంటే రాలిపోతున్నాయంటే ఆ మొక్క ఎండకు పోలేదు తల్లీ, తడికి పోయింది. మే నెలంతా తట్టుకుని నిలబడ్డది ఆగస్టులో ఎందుకు చచ్చిపోయిందని అడిగావు. దాని జవాబు తెలిస్తే మట్టి, కుండీ, నీళ్లు, కటింగులు (వేరు పట్టించే కొమ్మ ముక్కలు) అన్నింటికీ దారి దొరుకుతుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

వంటల్లో వాడే ఈ వాసన ఆకుల రోజ్‌మేరీది మధ్యధరా సముద్రపు ఒడ్డు. స్పెయిన్, దక్షిణ ఫ్రాన్స్, ఇటలీ, మొరాకోల్లో రాళ్ల గుట్టల మీద, సున్నపు నేలల్లో తనంతట తానే పెరుగుతుంది. అక్కడ వానలు చలికాలంలో పడతాయి, వేసవి పొడిగా గడుస్తుంది. అంటే నేల తడిగా ఉన్నప్పుడు చల్లగానూ, వేడిగా ఉన్నప్పుడు పొడిగానూ ఉంటుంది. వేడీ తడీ కలిసి రావడం దానికి అలవాటు లేదు. మనకు జూన్ నుంచి సెప్టెంబరు దాకా సరిగ్గా ఆ రెండూ కలిసే వస్తాయి. పిథియం, ఫైటాఫ్తొరా, రైజొక్టోనియా లాంటి వేరు కుళ్లు తెగుళ్లకు అదే అదను. ఆకు సన్నగా, అంచులు కిందికి ముడుచుకుని, అడుగున తెల్లటి నూగుతో ఉంటుంది చూడు, అది నీటిని పొదుపు చేసుకోవడానికి ఏర్పడ్డ ఆకు. తాగేది తక్కువ. రోజూ నీళ్లు పోస్తే ఆ తడి వేర్ల చుట్టూనే ఉండిపోతుంది.

డాలస్‌లో మీ అక్కను అడిగి చూడు. అక్కడ షాపుల పార్కింగుల పక్కన, రోడ్ల అంచున రోజ్‌మేరీని కంచెలా వేస్తారు. అక్కడి ఎండ మన హనుమకొండ ఎండకేమీ తీసిపోదు, అయినా అది చెక్కుచెదరదు. వాళ్లకు వానలు మేలోనూ అక్టోబరులోనూ ఎక్కువ, నడి వేసవి పొడిగా పోతుంది. ఆ ఊళ్లో దాన్ని చంపింది ఎండ కాదు, 2021 ఫిబ్రవరిలో వచ్చిన గడ్డకట్టే చలి. ఆ దెబ్బకు ఎన్నో ఇళ్ల ముందు పొదలు ఎండిపోయాయి. అక్క మళ్లీ నాటుకునేటట్లయితే చలికి ఓర్చే 'ఆర్ప్' రకం అడగమను. అది టెక్సస్‌లోని ఆర్ప్ అనే చిన్న ఊళ్లోనే దొరికిన రకం. మనకు ఆ బెంగ లేదు.

నీ మిద్దె తోట నాకు తెలుసు. దొండ, కాకర, గులాబీ నీ చేతిలో విరగకాస్తాయి. ఆ అలవాట్లే రోజ్‌మేరీ దగ్గర పక్కన పెట్టాలి. కాయగూరలకు మట్టి కలిపినట్టు సగం వర్మీకంపోస్టు, మిగతాది కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) వేస్తే అది వానాకాలంలో వారాల తరబడి ఆరదు. సగానికి ముతక ఇసుక, పెర్లైట్ (తేలికపాటి తెల్లటి రాతి గుళికలు) కలిపి తీసుకో. పావు వంతు ఎర్రమట్టి, మిగిలిన పావు వంతు బాగా మాగిన ఆకు ఎరువు. నల్లరేగడి వద్దేవద్దు. నది ఇసుక దొరక్కపోతే రాళ్లు పిండి చేసి తీసే రోబో శాండ్ వాడొచ్చు గానీ, దాంట్లో రాతిపొడి సిమెంటులా గట్టిపడుతుంది. సన్న జల్లెడ పట్టి, కిందికి దిగిన పొడి పారేసి, పైన మిగిలినదాన్ని కడిగి వాడు. కలిపాక కుండీ నింపి చెంబుడు నీళ్లు గుమ్మరించి చూడు. పైన నిలవకుండా కింది రంధ్రంలోంచి వెంటనే ధార కట్టాలి. నిలిచిందంటే ఇంకా ఇసుక పడాలి. గుడ్డు పెంకుల పొడి, సున్నం వేయమని చెప్పేవాళ్లుంటారు. మన బోరు నీళ్లలోనే కావలసినంత సున్నం ఉంటుంది, వేయక్కర్లేదు.

కుండీ అడుగున కంకర పరిస్తే నీళ్లు బాగా దిగుతాయని అందరూ నమ్ముతారు. అది తప్పు. సన్నటి మట్టి కింద ముతక పొర ఉంటే నీరు ఆ సరిహద్దు దగ్గరే ఆగి, మట్టి పూర్తిగా తడిశాకే కిందికి దిగుతుంది. కుండీ అడుగున ఎప్పుడూ ఉండే తడి పట్టీని కంకర పైకి జరిపి వేర్ల దగ్గరికి తెస్తుంది. రంధ్రం మీద ఒక పెంకు ముక్క పెడితే చాలు. అదే లెక్కన వెడల్పాటి లోతులేని కుండీ కంటే లోతైన మట్టి కుండీ మేలు, వేర్లు ఆ తడి పట్టీకి దూరంగా ఉంటాయి. కింద ప్లేటు పెట్టకు, ఇటుకల మీద ఎత్తి పెట్టు. చిన్న మొక్కను ఒకేసారి పెద్ద కుండీలో పెట్టడం కూడా ప్రమాదమే. వేర్లు అందుకోని మట్టి తడిగానే ఉండిపోతుంది.

నీళ్ల విషయంలో ఈ మొక్క మనల్ని మోసం చేస్తుంది. దాహమేసినా టమాటాలా తల వాల్చదు, ఆకులు బిరుసుగానే ఉంటాయి. వేరు కుళ్లినా అలాగే ఉంటుంది. రెండింటిలోనూ ఆకు మెరుపు తగ్గి బూడిదబారుతుంది. అది చూసి దాహమనుకుని నీళ్లు పోస్తారు, ఉన్న నాలుగు వేర్లూ పోతాయి. కాబట్టి ఆకును చూసి పోయకు. కుండీ ఎత్తి బరువు చూడు, వేలు రెండు అంగుళాలు దించి చూడు. మట్టి తడిగా ఉండి ఆకు బూడిదబారితే అది కుళ్లు. అప్పుడు కాండం మొదలు దగ్గర బెరడు గోటితో గీకితే లోపల పచ్చగా కాక గోధుమరంగులో కనిపిస్తుంది. ఆ దశలో కుండీ మార్చడం, మందులు పోయడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఇంకా పచ్చగా ఉన్న కొసలను వెంటనే కత్తిరించి కటింగులుగా పెట్టు, ఆ మొక్క వంశం మిగులుతుంది. ఎండాకాలంలో మాత్రం నిర్లక్ష్యం చేయొద్దు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలో మిద్దె మీది కుండీ ఒక్క రోజులో ఎండిపోతుంది, పూర్తిగా ఎండిన రోజ్‌మేరీ తిరిగి లేవదు. పొద్దున్నే నిండుగా పోయి. కుండీ పక్కలకు పడమటి ఎండ కొట్టకుండా గోనె చుట్టు, వేడికి ముందు దెబ్బతినేది వేర్లే.

మృగశిర కార్తె రాకముందే, అంటే జూన్ మొదటివారానికే, వానాకాలానికి సిద్ధం చేయాలి. పొద లోపలి వైపు ఉన్న సన్న కొమ్మలు, ఎండిన ఆకులు తీసేసి గాలి ఆడేలా చెయ్యి. మట్టి పైన ఒక అంగుళం మందాన చిన్న కంకర పరుచు. అడుగున వద్దన్న కంకర పైన పనికొస్తుంది, వాన చినుకుకు మట్టి చిమ్మి కింది ఆకులకు అంటదు, మొదలు త్వరగా ఆరుతుంది. తర్వాత కుండీని చూరు కిందికో, వాన పడని రేకు కిందికో జరుపు. వెలుతురు మాత్రం తగ్గకూడదు. షేడ్ నెట్ కింద పెడితే వాన ఎలాగూ పడుతుంది, ఉన్న ఎండ కూడా పోతుంది, మొక్కకు రెండు విధాలా నష్టమే. మట్టి కలిపేటప్పుడే ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రపు పొడి కలుపుకో. అది తెగులు రాకముందు కాపలా కాస్తుంది గానీ, వచ్చాక నయం చేయదు. ఆ నాలుగు నెలలూ ఎరువు, జీవామృతం ఏదీ పోయకు. ఆ తర్వాతైనా చలికాలం మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి పల్చగా ఇస్తే సరిపోతుంది. నత్రజని ఎక్కువైతే కొమ్మలు మెత్తగా సాగుతాయి, వాసన తగ్గుతుంది.

ఇన్ని చేసినా ఏదో ఒక ఏడాది ముసురు వదలకుండా పట్టి మొక్క పోతుంది. అందుకే నేను గట్టిగా చెప్పేది ఒకటే. ఉన్న ఒక్క మొక్కనే కాపాడుకుంటూ కూర్చోకు, ఏటా చలికాలంలో కొత్త తరం లేపు. నాలుగైదేళ్లు దాటిన కుండీ మొక్క ఎలాగూ మోడుబారుతుంది.

కటింగులకు స్వాతి కార్తె దాటాక, నవంబరు నుంచి జనవరి దాకా మంచి కాలం. పగలు మరీ వేడి ఉండదు, గాలిలో తేమ తగ్గుతుంది. మరీ లేత కొసలు కుళ్లిపోతాయి, ముదిరిన చెక్క వేరు పట్టదు. కొస పచ్చగా ఉండి, కింది భాగం అప్పుడప్పుడే గోధుమరంగుకు తిరుగుతున్న కొమ్మ ఎంచుకో. వంచితే విరగకుండా వెనక్కి లేవాలి. పూత మీద ఉన్నది వద్దు. నాలుగైదు అంగుళాల ముక్క, కణుపుకు కొంచెం కింద పదునైన బ్లేడుతో కొయ్యి. కటర్‌తో కోస్తే మెత్తటి కాడ నలుగుతుంది. ఇంకో పద్ధతి నాకు ఎక్కువ నచ్చుతుంది. పక్క కొమ్మను పట్టుకుని కిందికి లాగితే తల్లి కొమ్మ బెరడు చిన్న తోకలా దాంతో పాటే వస్తుంది. ఆ తోకను అంచులు సరిచేసి నాటితే వేరు బాగా పడుతుంది.

కింది సగానికి పైగా ఆకులు తీసేయి. ఒక్క ఆకు మట్టిలో ఉన్నా అక్కడి నుంచే కుళ్లు మొదలవుతుంది. వేరు హార్మోను పొడిలో ఐబీఏ (వేరు పుట్టించే మందు) 0.1 నుంచి 0.3 శాతం ఉంటే చాలు. కాడ కొస అద్ది, ఎక్కువైంది దులిపేయి. డబ్బాలో నేరుగా ముంచకు, కొద్దిగా పొడి విడిగా తీసుకుని వాడు. పెర్లైట్, కడిగిన కోకోపీట్ సమానంగా కలిపి ట్రే నింపుకుని, పుల్లతో రంధ్రం చేసి కాడ దించు. నేరుగా గుచ్చితే పొడి పైనే రాలిపోతుంది. పొడి లేకపోయినా కంగారు పడకు, వేర్లు కాస్త ఆలస్యంగానైనా వస్తాయి.

గులాబీ కటింగులకు కప్పినట్టు పాలిథిన్ సంచి బిగించి కట్టకు. లోపల చెమ్మ పట్టి ఆకులు నల్లబడతాయి. కప్పినా పైన తెరిచి ఉంచు, ఆకు మీద రోజుకోసారి నీళ్లు చిలకరించు. వెలుతురు బాగా ఉండి నేరుగా ఎండ పడని చోటు కావాలి. డిసెంబరు రాత్రుళ్లు ట్రేని పగలంతా ఎండ తగిలిన గోడ పక్కకు చేర్చు, అడుగు వెచ్చగా ఉంటే వేరు తొందరగా వస్తుంది. నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. కొసన చిగురు కనబడగానే వేరొచ్చిందని మురిసిపోకు, కాడలో ఉన్న సత్తువతోనే కొన్ని చిగురిస్తాయి. ట్రే రంధ్రాల్లోంచి తెల్లని వేరు కనబడాలి. మొదలు నల్లబడ్డ కటింగును ఆ రోజే తీసి పారేయి, పక్కవాటికి పాకనివ్వకు. నీళ్ల గ్లాసులో పెట్టినా వేర్లు వస్తాయి, కానీ అవి పెళుసు. అర అంగుళం రాగానే మట్టిలోకి మార్చాలి.

వేరు పట్టినవాటిని నాలుగంగుళాల కుండీలోకి మార్చి, ఆరంగుళాల ఎత్తు రాగానే కొస గిల్లు. ఉగాదికల్లా మెల్లగా పూర్తి ఎండకు అలవాటు చెయ్యి. జూన్ నాటికి అవి కుండీ నిండా వేరుతో ఉంటే వానను ఓర్చుకుంటాయి.

ఒకటో రెండో మొక్కలు చాలనుకుంటే నేల అంటు తొక్కు. కిందికి వాలిన కొమ్మ అడుగున కొద్దిగా బెరడు గీకి, పక్క కుండీ మట్టిలోకి వంచి, తీగతో గుచ్చి కప్పు. రెండు మూడు నెలల్లో వేరు పడుతుంది, ఈలోపు తల్లి మొక్క పోషిస్తూనే ఉంటుంది గనక నష్టం లేదు. విత్తనాల జోలికి పోకు. మొలక తక్కువ, ఆలస్యం, వచ్చిన మొక్క వాసన తల్లిలా ఉంటుందన్న నమ్మకం లేదు.

కోత గురించి ఒక మాట. ఆకు లేని ముదురు చెక్క దాకా కత్తిరిస్తే అక్కడ మళ్లీ చిగురు రాదు. ఎప్పుడు కోసినా కింద పచ్చని ఆకులు మిగలాలి, మూడో వంతుకు మించి తీయొద్దు. జుట్టుకని, నూనెకని ఇరుగుపొరుగు అడుగుతారు. వాళ్లకు కొమ్మ విరిచివ్వకుండా వేరు పట్టిన మొక్కే ఇవ్వు. నీది పోయిన ఏడాది వాళ్ల దగ్గర ఉంటుంది.

నర్సరీలో కొంటే లేబుల్ మీద 'సాల్వియా రోస్మరైనస్' అని ఉండొచ్చు. 2017 నుంచి శాస్త్రవేత్తలు దాన్ని సాల్వియా ప్రజాతిలో కలిపారు, మొక్క అదే. వానాకాలంలో కొనకు, నవంబరులో కొను. తెచ్చిన వారంలోనే నాలుగు కటింగులు పెట్టేసుకో.

అయినా ఈసారి కొనొద్దులే. కార్తీకంలో మీ అత్తయ్యా నేనూ వేయిస్తంభాల గుడికి వస్తున్నాం. పొద్దున్నే కోసి, తడి న్యూస్‌పేపర్లో చుట్టి కొమ్మలు తెస్తాను. పెర్లైట్ కొని ఉంచు, కోకోపీట్ రెండుసార్లు కడిగి ఆరబెట్టు. ఆ సాయంత్రమే కూర్చుని నాటేద్దాం.

మీ మావయ్య
సికింద్రాబాద్