సమాధానం: కరునాగపల్లి ఇసుక, పిల్లలు

మీకు కేరళలోని కొల్లం దగ్గరి కరునాగపల్లికి బదిలీ అయిందనీ, అక్కడి ఇసుకలోని రేడియేషన్ వల్ల పిల్లలతో వెళ్లాలంటే భయంగా ఉందనీ అన్నారు. ఆ భయంతో ఉద్యోగం వదులుకోనక్కర్లేదు. అక్కడి తీరపు ఇసుకలోని మోనజైట్ అనే ఖనిజంలో థోరియం అనే రేడియోధార్మిక మూలకం ఉంటుంది. కొన్నిచోట్ల ఆరుబయట రేడియేషన్ మోతాదు ఏడాదికి 70 మిల్లీగ్రేల దాకా కొలిచారు (మిల్లీగ్రే, మిల్లీసీవర్టు రెండూ మోతాదు కొలతలే; ఇలాంటి రేడియేషన్‌కు స్థూలంగా పోల్చదగినవి). ప్రకృతిలో అన్ని వైపుల నుంచీ మనిషికి అందే రేడియేషన్ కలిపినా ప్రపంచ సగటు ఏడాదికి సుమారు 2.4 మిల్లీసీవర్టులే. అయినా అక్కడి దాదాపు 70 వేల మందిని సగటున పదేళ్లకు పైగా గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ రేడియేషన్ వల్ల క్యాన్సర్లు పెరిగినట్లు కనబడలేదు.

అయితే ఆ అధ్యయనంలో గమనించిన వాళ్లంతా 30 ఏళ్లు దాటినవారు, పిల్లలు కారు. పిల్లల కణాలు వేగంగా విభజన చెందుతాయి కాబట్టి కాస్త జాగ్రత్త మంచిదే: మోనజైట్ ఉండే నల్ల ఇసుక మేటలకు దూరంగా, సిమెంటు గచ్చున్న ఇల్లు చూసుకోండి. మోతాదు వీధివీధికీ మారుతుంది. అద్దెకు దిగేముందు కొలిపిస్తే ఇంకా మేలు.