మాటల మర్మం: పట్టుదల వేరు, మంకుపట్టు వేరు

ప్రశ్న: మా అమ్మాయి వ్యాసంలో ‘పొట్టి శ్రీరాములు మంకుపట్టుతో దీక్ష చేశారు’ అని రాస్తే మాస్టారు ఎర్ర సిరాతో కొట్టేశారు. పట్టుదల, మంకుపట్టు రెండూ పట్టే కదా! తప్పేముంది?

జవాబు: మాస్టారిదే ఒప్పు. ఎదుటివాళ్లు చెప్పే మంచి చెవికెక్కించుకోకుండా మొరాయించేవాణ్ణి మంకుపట్టు పట్టాడంటాం. ఆ మాటలో మెప్పుకి చోటే లేదు. శ్రీరాములు 1952 అక్టోబరు 19న మద్రాసులో నిరాహారదీక్షకు కూర్చుని, డిసెంబరు 15న ప్రాణం పోయేదాకా విరమించలేదు. ఆంధ్ర రాష్ట్రమే ఆయన కోరిక. ఆ దీక్షను గౌరవించేవాళ్లు పట్టుదల అనే రాయాలి. మంకుపట్టు అని రాస్తే ఆ కోరికే తప్పని తీర్పు చెప్పినట్టవుతుంది.

వాడుకలో ఇంకో మెలిక ఉంది. ‘పట్టుదలతో చదివాడు’, ‘పట్టుదలగా పనిచేసింది’ అన్నవి మెప్పు. అదే మాటకు ‘పోవు’ చేరిందా, అర్థం తిరగబడుతుంది. ‘పట్టుదలకు పోయి కోర్టు కెక్కారు’ అంటే మందలింపే. బహువచనంలోనూ అంతే: ‘పంతాలూ పట్టుదలలూ మానండి’ అని పెద్దలు తగవు తీరుస్తారు. పిల్లలు వ్యాసాల్లో ఎక్కువగా తప్పేది ఇక్కడే. ‘మంకుపట్టు పట్టాడు’ అన్నట్టుగా ‘పట్టుదల పట్టాడు’ అని కూడా రాయకూడదు.

పంతానికి ఎదుట ఇంకో మనిషి ఉండాలి, ఎవరో ఒకరు ఓడాలి. అందుకే పంతం నెగ్గించుకుంటారు. పసివాళ్లది మారాం. సాగుతున్న పని ఆపి కదలనంటే మొండికేయడం. ఎద్దుకీ, మోటారుకీ కూడా ఈ మాట చెల్లుతుంది.

మెప్పుకీ తిట్టుకీ రెండింటికీ పనికొచ్చేది ఉడుంపట్టు. ఉడుము రాతి నెర్రెలో దూరి, గోళ్లతో కరుచుకుని ఒళ్లు ఉబ్బించిందంటే బయటికి లాగడం మహా కష్టం. ‘ఉడుంపట్టు పట్టి ఉద్యోగం సాధించాడు’ అనొచ్చు, ‘ఉడుంపట్టు పట్టి మా ప్రాణం తీశాడు’ అనీ అనొచ్చు. ఉడుముపట్టు అని రాసినా తప్పు కాదు.

ప్రశ్న: ‘భీష్మించుకు కూర్చున్నాడు’లో ఉన్నది భారతంలోని భీష్ముడేనా?

జవాబు: ఆయనే. రాజ్యం వద్దు, పెళ్లి వద్దు అన్న ఆ ప్రతిజ్ఞే తెలుగులో క్రియ అయింది. దీని ముందు నిరాకరణ ఉంటే వాక్యం బాగా కుదురుతుంది: ‘పెళ్లికి రానని భీష్మించాడు’, ‘సంతకం పెట్టనని భీష్మించుకు కూర్చుంది’. మూడేళ్ల పిల్లాడికి మాత్రం మారామే చాలు.